మూరెడు ఇల్లు

ఆ రోజుల్లో మా వైపు పెళ్లికి ముందు పిల్లగాడిని ఎవరూ చూసేవారు కాదు, వాడి ఇంటిని చూసేవారు. పిల్లగాడికి మెల్లకన్ను ఉన్నా, కాలు కొంచెం ఈడ్చినా సర్దుకునేవారు గాని, ఇంటి నడిమి గుంజ వంకరగా ఉంటే మాత్రం ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచిపోయేవారు. దాన్ని 'ఇల్లు చూపు' అనేవాళ్లం. పిల్ల తరపు పెద్దలు వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుని, గుంజలను గోటితో కొట్టి చప్పుడు వినేవారు. వడ్ల గుమ్మిలో మోచేతి దాకా చెయ్యి దింపి చూసేవారు. కప్పులోంచి ఆకాశం ఎంత కనబడుతోందో ఒక కన్ను మూసి అంచనా కట్టేవారు. ఆ పూట పిల్లగాడు ఊళ్లో ఉన్నా సరే, లేకపోయినా సరే, వాడితో పని లేదు. ఇప్పటి పిల్లలు ఫోనులో ఫొటోలు చూసుకుని ఖాయం చేసుకుంటున్నారు. అదీ మంచిదే. మా పద్ధతీ మంచిదే. అందులో నాకున్న చిక్కు ఒక్కటే, నాకు ఇల్లు లేదు.

స్థలం ఉంది. మా నాన్న కట్టిన మట్టి ఇల్లు, ఆయన పోయిన ఏడాదే వానకు కరిగి, మద్దేడుకు కాస్త లోపలగా ఒక దిబ్బై మిగిలింది. దిబ్బ మీద ఒక చెదపుట్ట, పక్కన ఒక ఇప్పచెట్టు. అమ్మ అంతకు ముందే పోయింది. నేను మేనత్త ఇంట్లో పెరిగి, మీసం వచ్చాక మా బస్తర్ వైపు బీజాపూర్ కర్ర డిపోలో పెద్ద ఉద్యోగం సంపాదించాను. అడవిలోంచి వచ్చే ప్రతి దుంగా నా ముందునుంచే పోవాలి. నేను ముద్ర వెయ్యనిదే ఒక్క టేకు మొద్దు గేటు దాటేది కాదు. (మీ దగ్గర దాపరికం ఎందుకు? ముద్ర వేసేవాడు వేరే ఉన్నాడు. వాడు సుత్తితో నంబరు కొడుతుంటే పక్కన రంగు డబ్బా పట్టుకుని నిలబడేవాడిని. కానీ డబ్బా పట్టుకోవడంలో కూడా ఒక ఠీవి ఉంటుంది, అది నాకు ఉండేదని ఇప్పటికీ నమ్ముతాను.) రాత్రికి డిపో షెడ్డులోనే పడక. తిండి డిపో మెస్సులో. జీవితానికి ఇంకేమీ అక్కర్లేదనుకుని తిరుగుతున్న రోజుల్లో మద్దేడు సంతలో సారపప్పు పిల్ల తగిలింది.

ఆమె గోనెసంచి పరుచుకుని, సోలతో కొలిచి సారపప్పు అమ్మేది. నేను ఆమె చెప్పిన ధర ఇచ్చేసి, పొట్లం తీసుకుని కదలబోతే, "ఆగు. చెప్పినంత ఇచ్చి పోతవేంది? బేరం ఆడవా?" అంది. ఆడనన్నాను, అదేదో గొప్ప గుణమైనట్టు. ఆమె నన్ను వదిలేసి, పక్కన చీపుర్లు అమ్ముతున్న మనిషి వైపు తిరిగి, "బేరమాడనోడు ఇల్లేం నిలవెడ్తడు!" అంది. ఆ మాట వినగానే నా గుండెలో డోలు మోగింది. (కాదు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది. డోలు సంగతి తర్వాతి సంతకు తెలిసింది.) ఇక అక్కడినుంచి ఏ సంతా వదలకుండా సారపప్పు కొన్నాను. డిపోలో తోటివాళ్లకు పెట్టీ పెట్టీ, చివరికి వాళ్లు నా చేతిలో ఆకు పొట్లం చూస్తే దుంగల చాటుకు పోయే దాకా వచ్చింది. మా మేనత్త ఇట్టే పసిగట్టింది. "మనిషన్నోడు ఇంత సారపప్పు తినడు. ఎవరి పిల్లరా?" అని అడిగి, జవాబు వినకుండానే పిల్ల వాళ్ల ఊరికి బయల్దేరింది.

మా మేనత్త గురించి ఒక మాట చెప్పాలి. గోరంతను కొండంత చేసే విద్య మా వంశంలోకి ఆమె ద్వారానే వచ్చింది, నాది ఆమె ఎంగిలి. వెళ్లిన మనిషి సాయంత్రానికి తిరిగి వచ్చి, నోట్లో పొగాకు సర్దుకుంటూ, "పిల్ల తండ్రి ఇల్లేదని అడిగిండు. కడుతున్నడని చెప్పిన. టేకు దర్వాజ, పెంకుల కప్పు, ముందట అరుగు, లోపట అటుక... అన్ని చెప్పిన" అంది.

"అత్తా, నేనెక్కడ కడుతున్న?"

"ఇప్పుడు కట్టు. ఇప్పపువ్వు ఏరుడు అయిపోంగనె ఇల్లు చూపుకు వస్తమన్నరు. ఉసూరు దిక్కు నుంచి ఇంకో సంబంధం కూడ ఉన్నదట. వాళ్లది రేకుల ఇల్లట. మిరుగం పడే లోపట ఎటో ఒకటి తేల్చుకుంటరట."

మిరుగమంటే మృగశిర కార్తె, తొలి వానలు. ఇప్పపువ్వు అప్పటికే రాలుతోంది. ఆ కాస్త వ్యవధిలో ఇల్లు కట్టడం దేవుడి వల్ల కూడా కాదు. దేవుడికైనా కర్రకు పర్మిషన్ కావాలి, అది ఎంత ఆలస్యమవుతుందో డిపోలో ఉండేవాడిగా నాకంటే తెలిసినవాడు లేడు. నేను నెత్తి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, మా డిపో ఆఫీసులో ఒక సాబ్ బల్ల మీద ఉండే బొమ్మ బంగళా. కట్టబోయే రెస్ట్‌హౌసును కర్రతో, అడుగుకు అంగుళం లెక్కన, కిటికీలూ మెట్లతో సహా చేయించి పెట్టుకున్నాడాయన. పైనుంచి పెద్ద సాబ్ వచ్చి, ఆ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "బహుత్ అచ్ఛా" అని బంగళా మంజూరు చేసి పోయాడు. బొమ్మ చూపించి బంగళా తెచ్చుకోవచ్చంటే, బొమ్మ చూపించి పిల్లను తెచ్చుకోలేనా?

పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ నీడన నడుం వాల్చితే, నేను రంపపు మిల్లు దగ్గర పడి ఉన్న ముక్కలు ఏరుకునేవాడిని. ఇల్లు మొత్తం ముదురు టేకుతో చేశాను. (గుమ్మం ఒక్కటే టేకు. మిగతాది సరుకుల పెట్టెల చెక్క. కానీ చిత్రిక పట్టి, ఇప్పనూనె రాస్తే టేకే సిగ్గుపడాలి.) ఓవర్సీరు ఒకాయన దగ్గర టేపు అడిగి తెచ్చుకుని, అడుగుకు అంగుళం చొప్పున గోడలు కోశాను. వెదురు ఈనెలతో కిటికీ ఊచలు పెట్టాను. పొగాకు డబ్బా రేకు కత్తిరించి తలుపులకు బందులు వేశాను, తలుపు తీస్తే కిర్రుమనేది, ఆ కిర్రు కూడా కావాలనే పెట్టాను. (ఎంత నూనె వేసినా పోలేదు.) దర్వాజ మీద చిలుకను చెక్కాను, చూసినవాళ్లంతా కాకి బాగుందన్నారు. లోపల నులక మంచం, గుప్పెడంత గుమ్మి, అటుక మీదికి నిచ్చెన. పెంకులు మాత్రం ఒక్కొక్కటీ విడిగా, వేలి గోరంత చెక్కి, వరసలుగా అంటించాను. ఇంటి నిండా పెంకులే. (ముందువైపే. వెనకవైపుకు వచ్చేసరికి ఓపిక అయిపోయి గడ్డి కప్పాను. ఎదురుగా నిలబడి చూసేవాడికి వెనక్కి తిరిగే పనేముంది అనుకున్నాను.)

డిపో చౌకీదారు ఒకసారి వంగి చూసి, "క్యా రే, చూహే కా బంగ్లా?" అని పోయాడు. ఎలుకలకు బంగళా కడుతున్నావా అని. ముద్ర కొట్టేవాడు ఇంకా దారుణం. "బావా, పెండ్లయినంక నువ్వు దీంట్ల ఏ కాలు పెడ్తవో చెప్పు, ఆ చెప్పే కొనిస్త" అన్నాడు. నేను పట్టించుకోలేదు. పెద్ద పనులు చేసేవాళ్లను లోకం ముందు నవ్వుతుంది, తర్వాత చప్పట్లు కొడుతుంది అనుకున్నాను. లోకం మొదటి భాగం దగ్గరే చాలాకాలం ఆగిపోగలదని నాకు అప్పుడు తెలియదు.

ఇప్పపువ్వు అయిపోయింది, కబురొచ్చింది. ఇంటిని కొత్త తువ్వాలలో చుట్టి, భుజాన ఎత్తుకుని బస్సెక్కాను. ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. బస్తర్‌లో కర్రతో చేసినదేదైనా జాగ్రత్తగా భుజాన మోసుకుపోతున్నారంటే అది దేవుడై ఉంటుంది. ఆంగా దేవుడిని అట్లాగే మోస్తారు. నేను ఎక్కగానే బస్సు బస్సంతా లేచి నిలబడింది. (ఒక్క ముసలాయన లేచాడు. మిగతావాళ్లు సీట్లు దొరక్క ముందునుంచే నిలబడి ఉన్నారు.) ఆ ముసలాయన తన సీటు దులిపి, "కూసోపెట్టు. ఏ ఊరి దేవుడు?" అన్నాడు. దేవుడు కాదు తాతా, పెండ్లి కోసం చేసిన ఇల్లు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "పెండ్లి పని మీద పోయేది కూడ దేవుడే. కూసోనియ్యి" అన్నాడు. కండక్టరు వచ్చి టికెట్టు అడగబోయి, తువ్వాల మీద ఎవరో ఉంచిన పువ్వు చూసి వెనక్కి తగ్గాడు. అట్లా మద్దేడు దాకా ఇల్లు కూర్చుని, ఇంటాయన నిలబడి ప్రయాణం చేశాము.

ఇల్లు చూపుకు పిల్ల తండ్రీ, ఆయన తల్లీ వచ్చారు. ఆ ముసలమ్మను ఊరంతా 'అవ్వ' అనేది, నేనూ అదే అంటాను. ఎండు మిరపకాయలాంటి మనిషి. ఎన్ని ఇళ్ల చూపులకు పోయిందో, ఎన్ని గుంజల మీద గోరు తట్టి సంబంధాలు తిరగ్గొట్టిందో చెప్పుకునేవారు. మేనత్త వాళ్లను మా దిబ్బ పక్కన ఇప్పచెట్టు కింద చాప వేసి కూర్చోబెట్టి, కల్లు ముంత ముందు పెట్టింది. ముక్కాలి పీట మీద నా ఇల్లు, దాని మీద తువ్వాల.

పిల్ల తండ్రి అటూ ఇటూ చూశాడు. చెదపుట్టను చూశాడు. "ఇల్లేది?" అన్నాడు.

మేనత్త తువ్వాల లాగింది. "ఇదే!"

ఆయన ఇంటిని చూశాడు, మేనత్తను చూశాడు, మళ్లీ చెదపుట్టను చూశాడు. రెంటిలో పుట్టే పెద్దదిగా ఉంది. "ఏందక్కా, తమాషా?" అని లేవబోయాడు. నేను అడ్డం పడి, "మామా, ఇది నక్షా లెక్క. అడుగుకు అంగుళం. ఇది ఎట్లుంటే రేపు ఇల్లు అట్లనే ఉంటది" అని రెస్ట్‌హౌసు కథంతా చెప్పబోయాను. ఆయన వినలేదు. "ఉసూరోళ్లది రేకుల ఇల్లు. లోపటికి పోయి చూసొచ్చిన, నా నెత్తి తగల్లే" అన్నాడు.

"ఆగురా" అంది అవ్వ. "ఇల్లు చూపుకు వచ్చి ఇల్లు చూడకుండ పోతె అరిష్టం. చిన్నదైతేంది? చూద్దాం."

అని లేచి, చెంబెడు నీళ్లు అడిగి కాళ్లు కడుక్కుంది. నా ఇల్లు ఉన్న పీట చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక గడ్డి కప్పు దగ్గర ఆగి నా మొహం చూసింది. గుంజలను చిటికెన వేలి గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టి విన్నది. గుమ్మిలో వేలు దింపి, "ఒట్టిదే" అంది. తర్వాత, ఇది నేను కలపడం లేదు, తన కుడిచేతి రెండు వేళ్లను మనిషి కాళ్లలా చేసి, అరుగు ఎక్కించి, గడప దాటించింది. పైకమ్మి దగ్గర ఆ రెండు వేళ్లూ తల వంచినట్టు కొంచెం వంగాయి. అంత గౌరవంగా నా ఇంట్లోకి అంతకు ముందు ఎవరూ రాలేదు. అసలు నాకు అప్పటిదాకా ఇల్లే లేదు కదా. వేళ్లు ముందు గదిలో తిరిగాయి. మంచం పక్కనుంచి పోయాయి. నిచ్చెన దగ్గర ఆగాయి. అటూ ఇటూ వెతికాయి.

"పొయ్యి ఏది?"

పొయ్యి లేదు. వంటిల్లే లేదు. అన్నేళ్లుగా మెస్సులో తినేవాడికి అన్నం ఒక గదిలో పుడుతుందన్న సంగతే తట్టలేదు. దర్వాజ మీద చిలుకకు చోటుంది, చిలుక తినడానికి చోటు లేదు.

"వెనక దర్వాజ?"

అదీ లేదు.

"ముందట ఒక్కటే దర్వాజ పెట్టి, దానికి అడ్డంగ నువ్వు అరుగు మీద కాళ్లు చాపుకోని కూసుంటవు. పిల్ల ఎట్లకెల్లి బయట పడ్తది కొడుకా, కప్పు మీదికెల్లా?" అంది అవ్వ. మేనత్త ఫక్కున నవ్వింది, నా వైపు మనిషే అయినా. అవ్వ వేళ్లు వెనక్కి తీసుకుని, గోడ పొడుగు తడిమి, "ఎవరి మూర పెట్టినవ్?" అంది.

ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు ఉంది. ఛాతీ విరుచుకుని, "మూర కాదవ్వా, సర్కారు టేపు. ఓవర్సీరు దగ్గర తెచ్చిన" అన్నాను.

"అయితే ఓవర్సీరు పెండ్లాము ఉంటదా ఇండ్ల?"

వాళ్ల ఇంటి ఆచారం అప్పుడు తెలిసింది. ఇల్లు ఎంత పొడుగు ఉన్నా, ఎంత వెడల్పు ఉన్నా, అందులో పొయ్యి వెలిగించబోయే ఆడదాని మూరతోనే కొలవాలి. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. ముందు గోడ ఆ మూరతో పన్నెండు మూరలు. టేపుతో కట్టిన ఇంట్లో టేపే కాపురం చేస్తుందట. పిల్ల తండ్రి అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అవ్వ కూడా లేచింది. పోతూ పోతూ, "మల్ల చెయ్యి. మిరుగం లోపట చేసి పట్కరా. ఇది బస్సెక్కే ఇల్లే కద, ఈసారి మా ఊరికే రమ్మను" అంది.

కాదనలేదు. అవుననలేదు. కానీ వెళ్లేటప్పుడు కల్లు ముంత ఖాళీ చేసి పోయారు కాబట్టి పూర్తిగా కాదన్నట్టు కాదని మేనత్త తేల్చింది.

పొయ్యి పెట్టడం, వెనక దర్వాజ తెరవడం నా చేతిలో పనే. మూర సంగతే పెద్ద చిక్కు. పెళ్లి కాకుండా పిల్ల చెయ్యి పట్టుకుని కొలిచేది ఎట్లా? మేనత్త పోయి అవ్వను అడిగితే, "నీకు ఇల్లు కావాల్నా, నాకా?" అందట. సంతకు పోయాను. సారపప్పు కొన్నాను. ఆ రోజు మొదటిసారి బేరం కూడా ఆడాను. ఆమె నవ్వు బిగబట్టి సోల నింపుతోంది. మెల్లగా, "నీ మూర ఎంతుంటది?" అన్నాను.

"నా చెయ్యి నీకెందుకు చెప్త? ఉసూరోళ్లు అడిగిండ్రా మూర? రేకులేసి ఊకున్నరు" అంది. చీపుర్లమ్మే మనిషి వినేటంత గట్టిగా. నా మొహం మాడిపోయింది. ఆమె ఆకు పొట్లం కట్టి, ఒక వెదురు బద్దతో చుట్టి, పొడుగ్గా మిగిలిన కొసను అట్లాగే వదిలేసి నా చేతిలో పడేసింది. "పో. దారిల జాగ్రత్త" అంది. నేను పోయాను. దుఃఖంలో ఉన్నవాడు ఏం చేస్తాడు? బస్సులో కూర్చుని సారపప్పు తిన్నాను. తిన్నాక పంట్లో ఇరుక్కుంది. పొట్లం కట్టిన వెదురు బద్ద పొడుగ్గా ఉంది కదా, దాని కొస విరిచి పళ్లు కుట్టుకుని, ఆ ముక్క కిటికీలోంచి పారేశాను. మనసు కొంచెం తేలికపడింది.

మేనత్త ఇంటికి వెళ్లి పొట్లం ఆమె ముందు పెడితే, ఆమె పప్పు వైపు చూడలేదు. బద్ద విప్పి, నిటారుగా పట్టుకుని, తన మోచేతికి ఆనించి చూసింది. "అరె పిచ్చోడా, గుప్పెడు పప్పుకు ఇంత బద్ద ఎవరన్న కడ్తరారా?" అంది. బద్ద ఒక కొస నున్నగా, కత్తితో శ్రద్ధగా కోసి ఉంది. రెండో కొస నా పంటి గాట్లతో ఉంది. పిల్ల తన మూరను కొలిచి, కోసి, సంతలో పదిమంది ముందు నా చేతికి ఇస్తే, నేను పళ్లు కుట్టుకున్నాను! ఆ మధ్యాహ్నం బస్సు వచ్చిన రోడ్డు వెంబడి నడుచుకుంటూ, ఆ ముక్క కోసం గడ్డి గడ్డి వెతికాను. రోడ్డు మీద వెదురు ముక్కలకు కొదవ లేదు. దొరికిన ప్రతి ముక్కా నా పళ్లను చూసినట్టే ఉంది. ఎంత విరిచానో నాకు వెంట్రుకవాసి తేడా లేకుండా గుర్తుందని మేనత్తతో చెప్పి, అంత కొలిచి కలిపాను. (గుర్తు లేదు. ఊహించాను. సారపప్పు ముచ్చటలో ఉన్నవాడికి కొలతలు గుర్తుంటాయా?)

మళ్లీ చేశాను. లెక్క చూడండి ఎంత ముచ్చటగా కుదిరిందో. అవ్వ చెప్పింది పన్నెండు మూరల ముందు గోడ. నాది అడుగును అంగుళం చేసే పద్ధతి, అంటే పన్నెండో వంతు. పన్నెండు మూరలను పన్నెండో వంతు చేస్తే సరిగ్గా ఒక్క మూర. అంటే నా బొమ్మ ఇంటి అరుగు, ఈ కొస గుంజ నుంచి ఆ కొస గుంజ దాకా, పిల్ల ముంజేయి అంతే ఉంటుంది. ఇది తెలిసిన రోజు నేను రంపం కింద పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. వెనకవైపు కూడా పెంకులు వేశాను. పొయ్యి బంకమట్టితో చేసి, ఎండబెట్టి, వెనక దర్వాజ పక్కనే పెట్టాను. ఆ దర్వాజకు కిర్రు రాకుండా చూశాను.

మబ్బులు కమ్ముకుంటున్న రోజున పిల్ల వాళ్ల ఊరికి ఇంటిని మోసుకుపోయాను. పిల్లను చూడటానికి పిల్లగాడు పోవడం అందరూ విన్నదే, పిల్లను చూడటానికి ఇల్లు పోవడం మాత్రం లోకంలో అదొక్కటే. తడిక దగ్గరే ఊరివాళ్లు పోగయ్యారు. "ఏందో పిట్టల గూడు తెచ్చిండు" అని ఒకరు, "కాదు, దీని లోపట ఇంకో పిల్లగాడు ఉంటడట" అని ఇంకొకరు. పిల్ల తండ్రి గంభీరంగా నులక మంచం మీద కూర్చున్నాడు. ఉసూరు వాళ్లు ఆ రోజే కబురు పంపారని, సాయంత్రం లోపల మాట చెప్పాలని మేనత్త నా చెవిలో వేసింది.

అవ్వ మళ్లీ కాళ్లు కడుక్కుంది. వేళ్లు మళ్లీ గడప దాటాయి. పొయ్యి దగ్గర కూర్చున్నాయి. వెనక దర్వాజలోంచి బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పోయాయి, రెండుసార్లు, ఇష్టంగా. తర్వాత అవ్వ లోపలికి చూసి పిల్లను పిలిచింది. "ఇటురా. చెయ్యి పెట్టు. మూర నీది అంటున్నడు, చూద్దాం."

పిల్ల వచ్చింది. నా వైపు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, మోచేతిని అరుగు మీద ఈ కొస గుంజకు ఆనించి, ముంజేయి చాపింది. గాజులు పెంకుల అంచుకు తగిలి చిన్నగా గలగలమన్నాయి. ఆ చెయ్యి నా అరుగు పొడుగునా పరుచుకుని, ఆ కొస గుంజ దాకా పోయి, దాన్ని దాటి, నడిమి వేలి కణుపంత బయటికి వచ్చేసింది.

అందరూ చూశారు. పిల్ల తండ్రి ముందుకు వంగాడు. నాకు నా పళ్లన్నీ ఊడి అక్కడే రాలిపోతే బాగుండుననిపించింది. నేను ఏదో అనబోయాను, ఆ బద్ద గురించో, బస్సు గురించో. జీవితంలో నాకు కల్పన రాకుండా పోయిన సందర్భం అదొక్కటే.

పిల్ల ఆ వేలి వైపు కాసేపు చూసింది. తర్వాత నడిమి వేలి కొసను మెల్లగా లోపలికి మడిచింది. మడిచిన వేలు సరిగ్గా గుంజకు ఆనింది. "సరిపోయింది అవ్వా" అంది.

తండ్రి, "ఏడ సరిపోయిందే? వేలు మడిచినవ్ కద!" అన్నాడు.

"నా కండ్లు పోలే, నేనూ చూసిన" అంది అవ్వ. "ఇంటామె వేలు మడిచినంక నువ్వేందిరా కొలిచేది? పోయి ఉసూరోళ్లకు చెప్పు, రేకులు వాళ్లనే కప్పుకొమ్మను."

అప్పుడు నేను మగవాడిలా, గంభీరంగా, అందరికీ దండం పెట్టాను. (ఏడ్చాను. మేనత్త తన కొంగు ఇచ్చింది, పొగాకు వాసన వేసే కొంగు.)

పెళ్లి ఆ వానల్లోనే మేనత్త వాకిట్లో జరిగింది. ఇల్లు ఆ తర్వాతి ఎండాకాలానికి, నాన్న దిబ్బ మీదే లేచింది. పన్నెండు మూరలు, ఈసారి చెయ్యి పక్కనే ఉంది కనుక తప్పు పోలేదు. చెదపుట్టను అవ్వ మాట మీద తవ్వకుండా పక్కకు వదిలేశాము. దర్వాజ టేకుదే, మేనత్త పిల్ల తండ్రికి చెప్పినట్టే. తొలి మిరుగం వాన వచ్చిన రోజు నేను కొత్త అరుగు మీద కాళ్లు చాపుకుని, ఇంటిని కట్టినవాడి గర్వంతో వానను చూస్తున్నాను. లోపల మొదట గుమ్మి మీద చుక్క పడింది. తర్వాత మంచం మీద. తర్వాత పొయ్యిలో, చుయ్‌మని. ఆమె ఒక్కొక్క చుక్క కింద ఒక్కొక్క గిన్నె పెడుతూ పోయింది. గిన్నెలు అయిపోయాయి. చివరికి సారపప్పు సోల పట్టుకుని వచ్చి, నా చేతిలో పెట్టి, నా నెత్తి మీద పడుతున్న చుక్క కింద పట్టుకొమ్మంది. "ఆ చిన్నింటికి వాన తాకిచ్చి చూసినవా ఎప్పుడన్న?" అని అడిగింది. చూడలేదు. అన్నీ పెట్టాను, వానను పెట్టలేదు. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. గిన్నెల్లో చుక్కలు ఒక్కొక్కటీ ఒక్కో గొంతుతో మోగుతుంటే, మధ్యలో కూర్చుని, కళ్ల నీళ్లు కారే దాకా నవ్వింది. సోల నిండే దాకా నేనూ నవ్వాను.

ఇప్పుడు స్లాబు ఇల్లు. ఇంజనీరు వచ్చి, తన టేపుతో కొలిచి, పొయ్యి ఎక్కడ పెడతామో అడగకుండానే నక్షా గీసి పోయాడు. గోడ ఎవరి మూరో నాకు తెలియదు. కాపురానికి ఇబ్బందేమీ లేదు, ఒక్క చుక్క కారదు. అయినా మిరుగం తొలి చినుకు కప్పు మీద పడగానే, ఆమె వంటింట్లోంచి, నేను అరుగు మీంచి, ఇద్దరమూ ఒకేసారి పైకి చూస్తాం. కాసేపు ఎదురుచూస్తాం. ఏమీ పడదు. "మంచిగ కట్టిండ్రు" అంటుంది ఆమె, కొంచెం దిగులుగా. అవునంటాను నేను. (ఆ దిగులు ఆమెదే అని రాశాను. నాది.)